ప్రయోగ వేళను నిర్ణయించేది కక్ష్యే: నా పరిశీలన పుస్తకంలో కొత్త పట్టిక

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం ఆకాశంలో కనిపించిన వేళలను రాసుకునే నా పుస్తకంలో ఈ మధ్య ఇంకో పట్టిక చేర్చాను. ఆ కేంద్రానికి వెళ్లే వ్యోమనౌకల ప్రయోగం వాయిదా పడినప్పుడల్లా ప్రకటించే కొత్త సమయాలు అందులోకి ఎక్కుతాయి. పట్టికలు వేరైనా రెండింటి వెనుక ఉన్న లెక్క ఒకటేనని తేలాక, అంతరిక్ష వార్తల్లో నా కళ్లు ముందుగా తేదీ కంటే గడియారం మీదికే వెళ్తున్నాయి.

ఈ పట్టికకు కారణం శుభాంశు శుక్లా అంతరిక్ష కేంద్రానికి ప్రయాణించిన యాక్సియమ్-4 యాత్ర. భారత కాలమానం ప్రకారం 2025 జూన్ 10న సాయంత్రం 5:52కు అనుకున్న ప్రయోగం వాతావరణం వల్ల మర్నాటికి వాయిదా పడి, 5:30గా మారింది. ఫాల్కన్-9 రాకెట్‌లో ద్రవ ఆక్సిజన్ లీకు బయటపడటంతో అదీ ఆగింది. జూన్ 22కు ప్రకటించిన వేళ మధ్యాహ్నం 1:12 కాగా, చివరికి రాకెట్ ఎగిరింది జూన్ 25న మధ్యాహ్నం 12:01కి. ఈ నాలుగు వేళలనూ గ్రాఫు కాగితం మీద పెడితే దాదాపు సరళరేఖ వస్తుంది. 15 రోజుల్లో 5 గంటల 51 నిమిషాలు, అంటే రోజుకు సుమారు 23 నిమిషాల చొప్పున ప్రయోగ సమయం అంతకంతకూ త్వరగా వచ్చింది. వాయిదాలకు కారణాలు వేరైనా, ప్రతిసారీ కొత్త వేళను నిర్ణయించింది మాత్రం కక్ష్యే.

అంతరిక్ష కేంద్రం కక్ష్యాతలం (దాని కక్ష్య ఉండే సమతలం) భూమధ్యరేఖకు 51.6 డిగ్రీల వంపులో ఉంటుంది. భూమి నడుము దగ్గర కాస్త ఉబ్బి ఉండటం వల్ల (భూమధ్యరేఖ వద్ద వ్యాసార్ధం ధ్రువాల వద్ద కంటే 21 కిలోమీటర్లు ఎక్కువ) ఆ తలం రోజుకు దాదాపు 5 డిగ్రీలు పడమరకు తిరుగుతుంది. అదే సమయంలో సూర్యుడు ఆకాశంలో ఒక డిగ్రీ తూర్పుకు జరుగుతాడు. రెండూ కలిపి 6 డిగ్రీలు. 360 డిగ్రీలకు 24 గంటలైతే 6 డిగ్రీలకు 24 నిమిషాలు. ప్రయోగ వేదిక ఆ తలం కిందికి వచ్చిన క్షణంలోనే రాకెట్ లేవాలి, ఎందుకంటే సెకనుకు 7.66 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న నౌక తలాన్ని ఒక్క డిగ్రీ తిప్పాలన్నా సెకనుకు 130 మీటర్లకు పైగా వేగమార్పుకు సరిపడే ఇంధనం ఖర్చవుతుంది. అందుకే ఈ ప్రయోగాలకు గంటల కొద్దీ వెసులుబాటు ఉండదు.

పరిశీలనల పట్టికలో ఈ లెక్క ఇంత సూటిగా కనిపించదు, కొత్తవారు తికమకపడేది ఇక్కడే. కేంద్రం ఒక ప్రదక్షిణకు దాదాపు 93 నిమిషాలు తీసుకుంటుంది కాబట్టి 15 ప్రదక్షిణలకు 23 గంటల 15 నిమిషాలు పడుతుంది. ఈ రోజు 7:30కు కనిపించినది రేపు సుమారు 6:45కు రావచ్చు, లేదా తర్వాతి ప్రదక్షిణలో 8:15 దాటాక రావచ్చు. కొన్ని వారాల నమోదులను కలిపి చూస్తేనే రోజుకు 24 నిమిషాల జరుగుబాటు బయటపడుతుంది.

నేను రాసుకునేవి తేదీ, కనిపించిన వేళ, గరిష్ఠ ఎత్తు, దిశ, భూమి నీడలోకి వెళ్లి మాయమైన వేళ. కక్ష్యా వివరాలను ఉపగ్రహాల కక్ష్యల సమాచారం ఇచ్చే సెలెస్‌ట్రాక్ వెబ్‌సైట్ నుంచి ఆ రోజువే తీసుకుంటాను, ఎందుకంటే కేంద్రాన్ని ఇంజిన్లతో కాస్త పైకి నెట్టిన తర్వాత పాత వివరాలతో వేసిన అంచనా తప్పుతుంది. 40 డిగ్రీల ఎత్తుకు చేరని రాకల కోసం బయటికి వెళ్లను. దిగంతం నుంచి 10 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు అది మనకు 1,400 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉండి, మసక చుక్కలాగే కనిపిస్తుంది. ఫొటోలకు ట్రైపాడ్, వెడల్పాటి లెన్సు చాలు. 10 సెకన్ల చొప్పున వరుసగా తీసి తర్వాత కలుపుతాను. నీడలోకి వెళ్లే ఘట్టాన్ని మాత్రం కెమెరాకు వదిలేయకుండా కళ్లతోనే చూడాలి. తెల్లని వెలుగు పసుపుకు, ఆపై నారింజకు తిరిగి కొద్ది సెకన్లలో ఆరిపోతుంది. అప్పుడు ఆ కేంద్రం మీద పడుతున్నది భూమి వాతావరణం గుండా వడకట్టి వచ్చిన సూర్యకాంతి.

ఇంటి పనులకూ ఈ లెక్క పనికొస్తోంది. కక్ష్యాతలం సూర్యుడితో పోలిస్తే ఒక చుట్టు తిరగడానికి సుమారు 60 రోజులు పడుతుంది కాబట్టి, సాయంత్రపు రాకలు ఎప్పుడు ముగుస్తాయో, తెల్లవారుజాము రాకలు ఎప్పుడు మొదలవుతాయో ముందే తెలుస్తుంది. ఆ సాయంత్రాల్లో వంట త్వరగా ముగించుకుంటాను, ఆఫీసు పనిని వేరే వేళకు మార్చుకుంటాను. ఇంట్లోవాళ్లు కూడా క్యాలెండర్‌లో ఆ వారాలకు గుర్తు పెట్టుకుంటున్నారు.

2025 జూలై 30న సాయంత్రం 5:40కు జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్16 రాకెట్ మోసుకెళ్లిన నాసా-ఇస్రోల ఉపగ్రహం నైసార్‌ది దీనికి పూర్తిగా భిన్నమైన సంగతి. దానిది సన్ సింక్రనస్ కక్ష్య. ఆ తలం రోజుకు దాదాపు ఒక డిగ్రీ తూర్పుకు తిరుగుతూ సూర్యుడితో సమానంగా నడుస్తుంది కాబట్టి, ఆ ప్రయోగం ఒకటి రెండు రోజులు ఆలస్యమైనా గడియారంలో వేళ దాదాపు మారేది కాదు. మనకు చేటు అనిపించే భూమి ఉబ్బునే అక్కడ వంపును 98 డిగ్రీలకు పైగా పెంచి పనిలో పెట్టారు. ఒకే కారణం రెండు కక్ష్యలను రెండు దిక్కులకు తిప్పడం నన్ను ఎంతగానో ఆకట్టుకుంది.

ఇకపై అంతరిక్ష కేంద్రానికి వెళ్లే ఏ ప్రయోగం వాయిదా పడినా, అధికారిక ప్రకటన రాకముందే కొత్త వేళను లెక్కగట్టి పెన్సిలుతో రాస్తాను. ప్రకటన వచ్చాక అసలు వేళను దాని పక్కనే సిరాతో రాసి, తేడాను మూడో గడిలో వేస్తాను.