ఎర్ర సిరా ప్రశ్న

తొమ్మిదో తరగతి అర్ధ సంవత్సర పరీక్షలో మార్కండేయుడి గురించి రాయమన్నారు. పదహారేళ్ళకే ఆయుష్షు తీరిపోవడం, యముడు పాశం వెయ్యడం, శివుడు అడ్డం రావడం అన్నీ గబగబా రాసి, బెల్లు కొట్టేలోగా ముగించాలన్న తొందరలో "ఈ విధంగా మార్కండేయుడు పదహారేళ్ళు జీవించెను" అని ముక్తాయింపు ఇచ్చాను. పేపరు చేతికొచ్చాక చూస్తే ఆ వాక్యం కింద ఎర్ర సిరాతో ఒకే ప్రశ్న: "మరి పాండవులకు కథలు చెప్పిందెవరు నాయనా?" పదికి నాలుగు.

వాయుగుండం పట్టిన రోజులవి. రేకుల షెడ్డు మీద వాన మోతకు అయ్యవారి మాట రెండో బెంచీ దాటడం లేదు. ఆయన పాఠం ఆపేసి, తడిసిన సుద్దముక్కను పంచె కొంగుకు తుడుచుకుని, బోర్డు మీద పెద్ద సున్నా చుట్టారు. దాని లోపల చిన్న సున్నా. ఆ చిన్న సున్నాలో మళ్ళీ పెద్ద సున్నా పెట్టబోయి, పట్టక, నవ్వి ఊరుకున్నారు.

"పన్నెండేళ్ళు ఎడతెగని వాన. లోకమంతా నీళ్ళే. అందులో ఒకే ఒక్కడు ఈదుకుంటా పోతుండాడు. ఎవర్రా వాడు?"

చెప్పలేదెవరూ. అలిసిపోయిన ఆ మనిషికి ఒక మర్రిచెట్టు, దాని కొమ్మన ఒక పసివాడు కనిపిస్తారు. పసివాడు నోరు తెరిస్తే ఇతను లోపలికి పోతాడు. అక్కడ గంగ ఉంది, హిమాలయం ఉంది, ఊళ్ళున్నాయి, యజ్ఞాలు జరుగుతున్నాయి. నూరేళ్ళకు పైగా తిరిగినా అంచు దొరకలేదు. మళ్ళీ బయటికొచ్చి పడితే అవే నీళ్ళు, అదే పసివాడు. ఆ ఈదినవాడే మార్కండేయుడు. యుగాలు గడిచాక అరణ్యవాసంలో ఉన్న ధర్మరాజు దగ్గరికి వచ్చినప్పుడు కూడా పాతికేళ్ళ కుర్రాడిలా ఉన్నాడట!

నన్నయ ఆపిన అరణ్యపర్వాన్ని ఎర్రన అందుకున్నాక కాసేపటికే మార్కండేయుడు వస్తాడు. ఎర్రనది మన కందుకూరు పక్కనున్న గుడ్లూరేనంటారు. "మన ఏరియాలోకి రాగానే దిగాడు చూడండిరా" అన్నారు అయ్యవారు. ఆ మాటకు వాన మోతలోనూ నవ్వాం.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మా అమ్మాయి బ్రాండన్ శాండర్సన్ అనే అమెరికా రచయిత నవలలు మోస్తూ తిరుగుతోంది. వాటిలో చాలా నవలలు వేర్వేరు లోకాల్లో జరుగుతాయి, కానీ ఆ లోకాలన్నీ కలిపి ఒకే విశ్వం. దాని పేరు కాస్మియర్. ఆ లోకాల్లో చాలావాటిలో హోయిడ్ అనే మనిషి ఎక్కడో ఒకచోట తగులుతాడు. 2005 నాటి మొదటి నవలలో బిచ్చగాడు. 2009 దాంట్లో ఇసక చల్లుతూ కథ చెప్పేవాడు. 2010 దాంట్లో రాజుగారి కొలువులో విదూషకుడు, పెద్దమనుషుల్ని ఎత్తిపొడవడమే ఉద్యోగం. 2023లో వచ్చిన ఒక నవలనైతే మొదటి నుంచి చివరిదాకా తనే చెబుతాడు. వయసెంతో, పని మీద వచ్చాడో ఊరికే వచ్చాడో తేల్చి చెప్పడు.

నాకు అక్కడే పేచీ. మార్కండేయుడు చూసిందంతా కూర్చుని చెప్పేశాడు, మెలికల్లేవు. హోయిడ్ మాత్రం చెప్పినదానికన్నా దాచిందే ఎక్కువ. ఆ మాటే అంటే, "దాస్తాడు కాబట్టేగా నాన్నా వెతుక్కుంటున్నా!" అంది. వాడు ఎక్కడెక్కడ కనిపించాడో ఒక నోట్‌బుక్కులో రాసుకుంటోంది.

నేనూ ఆగలేక, తను లేనప్పుడు చివరి పేజీలో "మార్కండేయుడు: ప్రళయం నుంచి అరణ్యపర్వం దాకా" అని రాసిపెట్టాను. మర్నాడు దాని కింద ఎర్ర పెన్నుతో ఉంది: "ఏ పుస్తకం? ఎన్నో పేజీ?"