మెదక్ చర్చిలో యోహాను పత్రిక

బైబిల్లో యోహాను రాసిన మొదటి పత్రికకు, అంటే ఆయన మొదటి ఉత్తరానికి, ఐదే అధ్యాయాలు. నిదానంగా చదివినా అరగంటలో అయిపోతుంది. దాన్ని మెదక్ చర్చిలో కూర్చుని, మొదటి వచనం నుంచి చివరి వచనం దాకా ఒకే విడతలో చదవాలని ఎప్పటినుంచో నా కోరిక. ప్రేమ గురించి అంత సూటిగా మాట్లాడే పత్రికను, కరువులో ఆకలితో ఉన్నవాళ్ల చేతులు కట్టిన గుడిలో చదవాలనిపించేది. ఈ జనవరిలో అది కుదిరింది. అమ్మా నేనూ సికింద్రాబాద్ జేబీఎస్ బస్టాండులో బస్సెక్కాం.

కావాలనే క్రిస్మస్ రోజులు వదిలేశాం. డిసెంబరు 25న అక్కడ ఇసుకేస్తే రాలనంత జనం. కులం, మతం అని లేకుండా చుట్టుపక్కల ఊళ్లన్నీ కదిలి వస్తాయి. అదీ చూడదగ్గదే, కానీ కూర్చుని చదువుకోవడానికి మామూలు రోజే మంచిది. నర్సాపూర్ అడవి దాటాక అమ్మ కాసేపు కునుకు తీసింది. మెదక్‌లో దిగి ఆటో ఎక్కితే, ఇళ్ల మీదుగా ఎత్తైన గోపురం ముందే కనిపించింది.

ఈ గుడి కథ తెలుగు క్రైస్తవుల్లో చాలామందికి తెలిసిందే. వెస్లియన్ మెథడిస్ట్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ 1914లో పని మొదలుపెట్టించారు. అది మొదటి ప్రపంచ యుద్ధం కాలం. దానికి తోడు మెతుకుసీమలో, అంటే ఈ మెదక్ ప్రాంతంలో, కరువు, రోగాలు. తిండికి అలమటిస్తున్న జనానికి పాస్నెట్ ఈ కట్టడంలో పని చూపించారు. రాళ్లు కొట్టేవాళ్లు, మోసేవాళ్లు, సున్నం కలిపేవాళ్లు, అలా ఏళ్ల తరబడి ఎన్నో కుటుంబాలు ఈ పని మీదే బతికాయి. 1924 డిసెంబరు 25న గుడిని ప్రతిష్ఠించారు. 2024లో నూరేళ్లు నిండాయి.

లోపల నేల మీద పరిచిన రంగుల పలకలు బ్రిటన్ నుంచి తెప్పించినవి. ఐదు వేల మంది పట్టే ఆ హాల్లో ఆ వేళ మాతో కలిపి పదిమంది కూడా లేరు. ఒక బెంచీ మీద కూర్చుని బైబిలు తెరిచాను. అమ్మకు అక్షరాలు సరిగ్గా ఆనడం లేదు కాబట్టి ఆమెకు వినపడేలా చదివాను.

పత్రిక మొదలే నన్ను నిలబెట్టేసింది. ‘మేమేది వింటిమో, కన్నులార ఏది చూచితిమో’ అంటూ వచ్చి, ‘మా చేతులు దేనిని తాకి చూచెనో’ అంటాడు యోహాను. ఆయన చెబుతున్నది జీవవాక్యం గురించి, అంటే క్రీస్తు గురించి. వాక్యాన్ని వింటాం, చదువుతాం. ఆయన మాత్రం తాకామంటున్నాడు. క్రీస్తు నిజంగా శరీరంతో రాలేదని బోధించేవాళ్లు బయల్దేరిన కాలం అది. వాళ్లకు దేవుని ప్రేమ అంటే గాలిలో తేలే గొప్ప ఆలోచన. యోహానుకు మాత్రం ఆ ప్రేమకు చేతులున్నాయి, ఆకలి ఉంది, గాయం ఉంది.

నేను చదువుతుంటే పక్క బెంచీలోని ఒక ముసలమ్మ మెల్లగా మా దగ్గరికి జరిగింది. అధ్యాయం అయ్యాక అమ్మతో మాట కలిపింది. దగ్గర్లోని పల్లె అట. ‘‘మా తాత ఈడ రాళ్లు మోసిండంట బిడ్డా. గప్పుడు మస్తు కరువు. ఈ పని లేకుంటే మా ఇంట్ల ఎవ్వరం మిగలకపోదుమని మా నాయిన చెప్పేటోడు’’ అంది. లేచి, మాకు దగ్గరగా ఉన్న స్తంభానికి అరచెయ్యి ఆనించింది. పగుళ్లు పడ్డ చెయ్యి, వేళ్ల కణుపులు ఉబ్బి ఉన్నాయి. ‘‘వచ్చినప్పుడల్లా ముడతా. ఏ రాయి మోసిండో నాకేమెరుక’’ అంది.

‘‘అవ్వా, మీ తాత అప్పటికే నమ్ముకున్నాడా?’’ అని అడిగాను.

‘‘యాడిది! మా నాయిన కాలంలనే మేం బాప్తిస్మం తీసుకున్నది.’’

ఆ జవాబు దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పని చేయించుకుని కూలి ఇస్తే అది ప్రేమ ఎలా అవుతుంది, ఊరికే పంచొచ్చు కదా అని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. కరువులో మనిషికి తిండి ఎంత అవసరమో, తలెత్తుకుని తినడం అంతే అవసరం. అవ్వ వాళ్ల తాత చెయ్యి చాచలేదు, రాయి మోశాడు. నమ్మినవాళ్లకే పని అని కూడా ఎవరూ అనలేదు. నాలుగో అధ్యాయంలో యోహాను చెప్పే వరస కూడా ఇదే. ‘మనము దేవుని ప్రేమించితిమని కాదు, తానే మనలను ప్రేమించి’ తన కుమారుణ్ణి పంపాడు, ‘ఇందులో ప్రేమయున్నది.’ మన నమ్మకం, మన మంచితనం ఆ తర్వాతి మాటలు. ఆయన ప్రేమ వాటికోసం కాచుకుని కూర్చోలేదు.

బలిపీఠం వెనక క్రీస్తు పరలోకానికి ఎక్కిపోయే ఆరోహణ కిటికీ ఉంది, రెండు పక్కలా క్రీస్తు జననం, సిలువ. ఫ్రాంక్ సాలిస్‌బరీ చేసిన ఈ రంగుటద్దాల కిటికీలు ఒకేసారి వచ్చినవి కావు. ఆరోహణం 1927లో వచ్చింది. జననం 1947లో, సిలువ 1958లో. బయటి వెలుగు పడితేనే బొమ్మలు కనిపిస్తాయి, కాబట్టి వెళ్లేవాళ్లు పొద్దు ఉండగానే వెళ్లండి. అమ్మ సిలువ కిటికీ ముందు నిలబడి ప్రార్థన చేసుకుంది. అవ్వ మా ఇద్దరి తల మీదా చెయ్యి పెట్టి ‘‘దేవుడు సల్లగ సూడాలె’’ అని తన దారిన తాను వెళ్లిపోయింది.

తిరుగు బస్సులో అమ్మ మూడో అధ్యాయం మళ్లీ చదవమంది. ‘మాటతోను నాలుకతోను కాక క్రియతోను సత్యముతోను ప్రేమింతము’ అన్న చోట ఆపించి, ‘‘దీనికి ముందుది చదువు’’ అంది. సహోదరునికి లేమి కలుగుట చూచియు కనికరము చూపనివానియందు దేవుని ప్రేమ యేలాగు నిలుచును, అని ఉందక్కడ. అమ్మ వెంటనే మా సంఘంలో ఉద్యోగం పోయి ఇంట్లో ఉంటున్నవాళ్లను ఒక్కొక్కరినే తలుచుకోవడం మొదలుపెట్టింది. టైలరింగ్ తెలిసిన ఆమె ఒకరు, డ్రైవింగ్ వచ్చిన కుర్రాడు ఒకడు. మన ఊళ్లోని గుడికి వేయించాల్సిన రంగుల పని బయటి కాంట్రాక్టరుకు కాకుండా పని లేని మన పెయింటర్లకే ఇవ్వమని సంఘ పెద్దలను అడుగుదామంది. నేను ఫోన్‌లో పేర్లు రాసుకున్నాను. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు అయ్యగారితో మాట్లాడతాం.