రాసి ఉంచినదాని నుంచి తిరిగి నిలబడే సర్వర్లు: నా అనుభవం

ఇంట్లో ఒక పాత సర్వర్ మీద నేను మొదలుపెట్టిన వర్చువలైజేషన్ (ఒకే యంత్రం మీద అనేక వర్చువల్ యంత్రాలను, అంటే వీఎంలను, నడపడం) ల్యాబ్, కొంతకాలానికి నేను పనిచేసే సంస్థ సర్వర్లన్నిటినీ మోసే క్లస్టర్‌కు (కలిసి పనిచేసే సర్వర్ల గుంపుకు) నమూనా అయింది. ఈ మొత్తం పనిలో నేను వదలకుండా పట్టుకున్న ప్రశ్న ఒక్కటే: ఈ యంత్రం ఇప్పుడు చెడిపోతే, ఎవరి జ్ఞాపకం మీదా ఆధారపడకుండా, రాసి ఉంచినదాన్ని మాత్రమే చూసి దాన్ని మళ్ళీ నిలబెట్టగలమా? హైపర్‌వైజర్ (వీఎంలను నడిపే సాఫ్ట్‌వేర్) ఎంపిక దగ్గర నుంచి బ్యాకప్ వరకు నేను తీసుకున్న ప్రతి నిర్ణయాన్నీ ఈ ప్రశ్నతోనే తూచాను. అందుకే ఏ ఉపకరణం ఎందుకు నిలిచిందో, ఎక్కడ ఎక్కువ శ్రద్ధ అవసరమైందో వివరంగా రాస్తున్నాను.

హైపర్‌వైజర్‌గా ప్రాక్స్‌మాక్స్ వీఈని తీసుకున్నాను. దాని అడుగున ఉండి వీఎంలను నిజంగా నడిపే కేవీఎం 2007లో వచ్చిన 2.6.20 వెర్షన్ నుంచి లినక్స్ కెర్నెల్‌లో భాగంగా ఉంది. పైన ఉన్నది డెబియన్ అనే లినక్స్ పంపిణీ. కాబట్టి ఏదైనా ఆగిపోతే, మామూలు లినక్స్ పరిజ్ఞానంతోనే లోపలికి వెళ్ళి చూడవచ్చు. అయితే నా నిర్ణయానికి అసలు కారణం వేరు. దాని వెబ్ తెర మీద చేయగలిగే పనులను ఏపీఐ (ప్రోగ్రాములు ఆదేశాలు పంపే దారి) ద్వారా కూడా చేయవచ్చు. ఆటోమేషన్‌కు ఇంతకంటే ముఖ్యమైన అర్హత లేదని నా అభిప్రాయం. బయాస్‌లో వర్చువలైజేషన్ సదుపాయాలను ఆన్ చేయడం, హోస్ట్‌కు స్థిరమైన ఐపీ ఇవ్వడం, 8006 పోర్టులో వెబ్ తెర తెరవడం వరకు చెప్పుకోదగ్గ కష్టమేమీ లేదు.

అసలు పని టెంప్లేట్ (కొత్త వీఎంలను నకలు తీసే మూస) దగ్గర మొదలైంది. వీఎంలో ఐఎస్ఓ (ఇన్‌స్టాలర్ డిస్కు ఫైలు) పెట్టి, ప్రశ్నలకు సమాధానాలు ఇస్తూ ఇన్‌స్టాల్ చేయడం ఒక యంత్రానికి బాగానే ఉంటుంది; ఆ సమాధానాలు మాత్రం ఎక్కడా నమోదు కావు. అందుకే పంపిణీదారులు ముందే తయారుచేసి ఇచ్చే క్లౌడ్ ఇమేజ్‌ను తీసుకుని, దాన్ని వీఎం డిస్కుగా దిగుమతి చేసి, క్లౌడ్-ఇనిట్ డ్రైవ్ ఒకటి జతచేసి, టెంప్లేట్‌గా మార్చాను. ఈ డ్రైవ్ వీఎంకు ఒక చిన్న సీడీలాగా కనిపిస్తుంది. మొదటిసారి బూట్ అయినప్పుడు వీఎం అందులోంచి తన హోస్ట్‌నేమ్‌నూ, ఐపీ చిరునామానూ, ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి) కీనూ చదువుకుని, వాటికి తగ్గట్టు తనను తాను సర్దుకుంటుంది. పాస్‌వర్డ్ టైప్ చేయవలసిన అవసరమే రాదు.

సంస్థ అవసరాల కోసం కొన్ని ప్యాకేజీలు ముందే ఉన్న టెంప్లేట్ కావలసి వచ్చి, ఒక వీఎంను బూట్ చేసి, అవన్నీ చేర్చి, టెంప్లేట్‌గా మార్చినప్పుడు ఒక విచిత్రమైన లక్షణం బయటపడింది. దాని నుంచి తీసిన రెండు క్లోన్లకు (నకళ్ళకు) మ్యాక్ చిరునామాలు (నెట్‌వర్క్ కార్డు గుర్తింపులు) వేరైనా, ఐపీలు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ మాత్రం రెండింటికీ ఒకే ఐపీ ఇస్తోంది. ఒక క్లోన్‌కు ఎస్ఎస్‌హెచ్‌తో వెళ్తే కాసేపటికి కనెక్షన్ తెగిపోతుంది, మళ్ళీ వెళ్తే రెండోది పలుకుతుంది. కారణం మ్యాక్ చిరునామాలో లేదు, మెషీన్-ఐడీ అనే చిన్న ఫైలులో ఉంది. సిస్టమ్‌డీ నెట్‌వర్క్ సేవ డీహెచ్‌సీపీకి తనను పరిచయం చేసుకునే గుర్తింపును ఆ ఫైలులోని సంఖ్య నుంచి తయారుచేస్తుంది. టెంప్లేట్‌తోపాటు ఆ సంఖ్య కూడా క్లోన్లన్నిటికీ వెళ్ళిపోతుంది. దీనికి పరిష్కారం, టెంప్లేట్‌గా మార్చే ముందు ఆ ఫైలును తొలగించకుండా, లోపలి సంఖ్యను మాత్రం తుడిచి ఖాళీగా ఉంచడం. అప్పుడు ప్రతి క్లోన్ తన మొదటి బూట్‌లో కొత్త సంఖ్యను పుట్టించుకుంటుంది. క్లౌడ్-ఇనిట్ పాత గుర్తులను శుభ్రం చేయడం, ఎస్ఎస్‌హెచ్ హోస్ట్ కీలను తీసేయడం కూడా ఇదే దశలో జరగాలి. ఈ మూడు పనులనూ చేతితో చేయడం మానేసి, టెంప్లేట్లను తయారుచేసే ప్యాకర్ అనే సాధనం నిర్మాణ స్క్రిప్టు చివరి దశలో చేర్చాను.

తర్వాతి మెట్టు, వీఎంల జాబితాను కోడ్‌గా రాయడం. ఇలాంటి కోడ్ నుంచి యంత్రాలను సృష్టించే టెర్రాఫామ్ లైసెన్సు 2023 ఆగస్టులో మారిన తర్వాత, లినక్స్ ఫౌండేషన్ నీడలో ఓపెన్‌టోఫు అనే శాఖ మొదలైంది. నేను దాన్నే ఎంచుకున్నాను. ప్రాక్స్‌మాక్స్‌తో మాట్లాడే ప్రొవైడర్లను (అనుసంధాన భాగాలను) స్వచ్ఛంద డెవలపర్లు రాస్తున్నారు కాబట్టి, వెర్షన్‌ను ఒకచోట గట్టిగా బిగించి, మార్పుల పట్టిక చదవకుండా పెంచకూడదన్న నియమం పెట్టుకున్నాను. ఏపీఐకి రూట్ (సర్వాధికారి) ఖాతా ఇవ్వలేదు. వీఎంలను సృష్టించడం, డిస్కు కేటాయించడం, క్లోన్ చేయడం వరకే హక్కులున్న ఒక పాత్రను తయారుచేసి, ఆ పాత్ర గల వాడుకరికి ప్రత్యేక టోకెన్ ఇచ్చాను. ప్రాక్స్‌మాక్స్‌లో ఒక టోకెన్‌కు దాని యజమానికి ఉన్న హక్కులను మించి దక్కవు. కాబట్టి టోకెన్ బయటికి పొక్కినా నష్టం హద్దు దాటదు.

ఓపెన్‌టోఫులో నేను అన్నిటికంటే ఎక్కువ సమయం వెచ్చించినది కోడ్ రాయడం మీద కాదు, ప్లాన్ (అమలుకు ముందు అది చూపే మార్పుల జాబితా) చదవడం మీద. ఒక వీఎంకు మెమరీ పెంచుతూ ఫైలులో ఒక్క అంకె మారిస్తే, ప్లాన్‌లో ఆ వరుస పక్కన మార్పును సూచించే గుర్తు కనిపిస్తుంది, వీఎం అలాగే ఉంటుంది. అదే వీఎం ఏ టెంప్లేట్ నుంచి క్లోన్ కావాలో చెప్పే అంకె మారిస్తే, ప్లాన్ చివరి వరుస ‘ఒకటి చేర్చాలి, ఒకటి తొలగించాలి’ అనే అర్థంలో వస్తుంది. అంటే ఉన్న వీఎంను డిస్కుతో సహా తీసేసి, కొత్తది పెడతానని అది మర్యాదగా ముందే చెబుతోంది. వెబ్ సర్వర్‌కు అది మనం కోరుకునే ప్రవర్తనే, డేటాబేస్‌కు ప్రాణాంతకం. అందుకే డేటా మోసే ప్రతి వీఎంకూ తొలగింపును నిరాకరించే రక్షణ వరుసను చేర్చాను, సంస్థలోనైతే ప్లాన్‌ను ఇంకొకరు చదివి సమ్మతించకుండా అమలు జరగకూడదని కోడ్ మార్పులను నమోదు చేసే గిట్‌లోనే నియమం పెట్టాము.

స్టేట్ ఫైలు గురించి కొత్తవారికి ఎవరైనా ముందే గట్టిగా చెప్పాలి. కోడ్‌లో రాసిన వనరుకూ, హోస్ట్ మీద నిజంగా ఉన్న వీఎంకూ మధ్య లంకె ఆ ఫైలులోనే ఉంటుంది. అది పోతే వీఎంలు పోవు, కానీ అవి తనవని ఓపెన్‌టోఫుకు తెలియదు. పైగా రహస్యాలు కూడా అందులో మామూలు అక్షరాల్లోనే పడతాయి కాబట్టి దాన్ని గిట్‌లో ఉంచకూడదు. 2024లో వచ్చిన 1.7 వెర్షన్ నుంచి ఓపెన్‌టోఫు స్టేట్‌ను ఎన్‌క్రిప్ట్ చేయగలుగుతోంది. ఆ సదుపాయాన్ని వాడుకుంటూ, ఇద్దరు ఒకేసారి మార్పులు చేయకుండా తాళం వేయగల స్టోరేజిలో దాన్ని ఉంచాము.

వీఎం లోపలి అమరికలకు ఆన్సిబుల్ వాడాను. దాని గురించి ఒక్క మాట చాలు: ఒకే ప్లేబుక్‌ను (అమరికల జాబితాను) వెంటనే రెండోసారి నడిపితే మారినవి సున్నా అని రావాలి. అలా రాకపోతే, అందులో ఏదో ఒక పని స్థితిని వర్ణించడం మాని, ఆదేశాన్ని గుడ్డిగా అమలు చేస్తోందని అర్థం. నెట్‌వర్క్ విషయంలో, ఒకే బ్రిడ్జికి (హోస్ట్ లోపలి వర్చువల్ స్విచ్‌కు) వీల్యాన్ (ఒకే తీగ మీద విడి నెట్‌వర్కులు) అవగాహన ఇచ్చి, హోస్ట్‌ల నిర్వహణ, వీఎంల రాకపోకలు, బ్యాకప్ మూడింటినీ విడదీశాను. ఇంటి ల్యాబ్‌లోనైనా నిర్వహణ తెరను మిగతా పరికరాలు చేరలేని వీల్యాన్‌లో పెట్టడం మంచిదని నా గట్టి అభిప్రాయం.

క్లస్టర్ దగ్గర లెక్క మారుతుంది. ప్రాక్స్‌మాక్స్ క్లస్టర్‌లో నిర్ణయాలకు నోడ్ల (అందులోని సర్వర్ల) ఓట్లలో సగం కంటే ఎక్కువ, అంటే కోరం, కావాలి. రెండు నోడ్లే ఉంటే ఒకటి ఆగినప్పుడు రెండోది ఒంటరి ఓటుతో కోరం కోల్పోతుంది. దాని మీద నడుస్తున్న వీఎంలు నడుస్తూనే ఉన్నా, క్లస్టర్ అమరికల ఫైల్ సిస్టమ్ చదవడానికి మాత్రమే పరిమితమై, కొత్త వీఎంను మొదలుపెట్టడం కూడా కుదరదు. హెచ్ఏ (నోడ్ పోతే వీఎంలను మరో నోడ్ మీద తానే లేపే సదుపాయం) పెట్టి ఉంటే ఆ నోడ్ తనను తానే రీబూట్ చేసుకుంటుంది. ఇంట్లో రెండు నోడ్లకు తోడుగా ఒక చిన్న యంత్రం మీద క్యూడివైస్ అనే ఓటు సేవను నడిపి మూడో ఓటు సంపాదించాను. నోడ్ల మధ్య హాజరు చూసే కోరోసింక్‌కు వెడల్పాటి లైను అక్కర్లేదు, ఆలస్యం లేని లైను కావాలి. బ్యాకప్ ఉద్ధృతంగా నడుస్తున్న లైను మీదనే కోరోసింక్ కూడా ఉంటే, ఆరోగ్యంగా ఉన్న నోడ్ చనిపోయినట్టు కనిపించే ప్రమాదం ఉంది కాబట్టి దానికి వేరే స్విచ్ పోర్టులు కేటాయించాను.

స్టోరేజికి, డేటాను నోడ్ల మధ్య పంచి ఉంచే సెఫ్ ఆకర్షణీయంగా కనిపించింది. అయితే అది సాధారణంగా ప్రతి డేటాకూ మూడు ప్రతులు ఉంచుతుంది, అంటే డిస్కుల మొత్తంలో మూడో వంతే మనకు మిగులుతుంది. మూడు నోడ్ల క్లస్టర్‌లో ఒకటి పోతే, మూడో ప్రతిని మళ్ళీ కట్టుకోవడానికి నాలుగో చోటు ఉండదు. పైగా విద్యుత్ పోయినప్పుడు రాతలను కాపాడే కెపాసిటర్లు లేని మామూలు ఎస్ఎస్‌డీల మీద దాని వేగం దారుణంగా పడిపోతుంది. మా పరిమాణానికి జడ్ఎఫ్ఎస్ ఫైల్ సిస్టమ్ మిర్రర్లు (జంట డిస్కులు), వాటి పైన నోడ్ నుంచి నోడ్‌కు రెప్లికేషన్ (డేటా నకలు పంపడం) సరిపోతాయని నిర్ణయించాను. ఈ రెప్లికేషన్ మామూలుగా 15 నిమిషాలకు ఒకసారి నడుస్తుంది. నోడ్ హఠాత్తుగా పోతే చివరి రెప్లికేషన్ తర్వాత రాసినవన్నీ పోతాయి. ఈ సంగతిని సంస్థ యాజమాన్యానికి రాతపూర్వకంగా చెప్పి, ఆ నష్టాన్ని భరించలేని లెక్కల డేటాబేస్‌కు మాత్రం పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ సాఫ్ట్‌వేర్ సొంత రెప్లికేషన్‌ను రెండో నోడ్‌లోని మరో వీఎంకు ఏర్పాటు చేశాను.

మా సంస్థ సర్వర్లు అప్పటివరకు నడిచిన వేదిక తయారీదారు వీఎంవేర్ కొనుగోలును బ్రాడ్‌కామ్ 2023 నవంబరులో పూర్తిచేసి, డిసెంబరులో శాశ్వత లైసెన్సుల అమ్మకాన్ని నిలిపివేసిన తర్వాత, మా సంస్థలో కూడా తదుపరి వేదిక ఏమిటన్న చర్చ మొదలైంది. ఇంటి ల్యాబ్‌లోని కోడ్ అప్పటికే సిద్ధంగా ఉండడంతో, మాటలతో కాక నడుస్తున్న నమూనాతో ప్రతిపాదన పెట్టగలిగాను. 2024లో వచ్చిన ప్రాక్స్‌మాక్స్ 8.2లో వీఎంవేర్ హైపర్‌వైజర్ ఈఎస్ఎక్స్ఐ నుంచి వీఎంలను నేరుగా తెచ్చుకునే సదుపాయం చేరింది. డిస్కును తేవడం సులభమే, తెచ్చినదాన్ని బూట్ చేయడంలోనే పనంతా ఉంది. లినక్స్ వీఎంలలో నెట్‌వర్క్ కార్డు పేరు మారుతుంది: పాత వేదికలో ఈఎన్ఎస్192 అని ఉన్నది ఇక్కడ ఈఎన్ఎస్18 అవుతుంది, అమరికల ఫైలులో పాత పేరే ఉంటే యంత్రం లేచినా నెట్‌వర్క్ ఉండదు. విండోస్ సంగతి మరీ సున్నితం. వర్చువల్ డిస్కుల కోసం ఉన్న వర్ట్-ఐఓ డ్రైవర్ లేకుండా అది తన బూట్ డిస్కునే గుర్తించదు. అందువల్ల తరలింపుకు ముందే స్థిర ఐపీలను రాసిపెట్టుకుని, పాత వేదిక టూల్స్‌ను అక్కడే తీసేసి, ఇక్కడ డిస్కును ముందు సాటా రకంగా తగిలించి బూట్ చేశాను. వర్ట్-ఐఓ డ్రైవర్‌ను ఇన్‌స్టాల్ చేసి, పక్కన ఒక చిన్న ఖాళీ వర్ట్-ఐఓ డిస్కును చూపితే విండోస్ ఆ డ్రైవర్‌ను బూట్‌కు సిద్ధంగా ఉంచుకుంటుంది. ఆ తర్వాత వీఎంను ఆపి, అసలు డిస్కును వర్ట్-ఐఓ స్కజీకి మార్చి, బూట్ వరుస సరిచూసి మళ్ళీ లేపాలి. ఈ వరుసలో డ్రైవర్ మెట్టు దాటవేస్తే కనిపించేది నీలి తెరే.

బ్యాకప్‌కు ప్రాక్స్‌మాక్స్ బ్యాకప్ సర్వర్‌ను క్లస్టర్ బయట వేరే యంత్రం మీద పెట్టాము. వీఎం డిస్కును అది 4 ఎంఐబీ ముక్కలుగా చూసి, తన దగ్గర లేని ముక్కలనే నిల్వ చేస్తుంది కాబట్టి రోజువారీ బ్యాకప్‌కు పట్టే చోటు చాలా తక్కువ. ఎన్‌క్రిప్షన్ కీ మాత్రం క్లస్టర్ లోపలే మిగిలిపోతే, క్లస్టర్ పోయిన రోజున బ్యాకప్‌లన్నీ ఉండి కూడా తెరుచుకోవు. కీని కాగితం మీద అచ్చువేసుకునే ఆదేశం అందులోనే ఉంది. ఆ కాగితాన్ని కార్యాలయానికి బయట భద్రపరిచాము. బ్యాకప్ విజయవంతమైందన్న సందేశాన్ని నేను రుజువుగా తీసుకోను. ఏదో ఒక వీఎంను విడి వీల్యాన్‌లోకి రీస్టోర్ చేసి, అప్లికేషన్‌లోకి లాగిన్ అయ్యి, తాజా రికార్డు కనిపించాక, పట్టిన సమయాన్ని నమోదు చేస్తాము. యాజమాన్యం అడిగే ‘ఎంతసేపట్లో తిరిగి వస్తుంది?’ అన్న ప్రశ్నకు జవాబు ఆ నమోదుల నుంచే చెబుతున్నాము.

చివరి వీఎం తరలిపోయాక ఖాళీ అయిన పాత హోస్ట్‌ను తుడిచి, మూడో నోడ్‌గా చేర్చడం మిగిలింది. అప్పటివరకు సంస్థలో కూడా రెండు నోడ్లు, ఒక క్యూడివైస్ ఉండేవి. కొత్త నోడ్ చేర్చే ముందు క్యూడివైస్‌ను తొలగించాలి, చేరే నోడ్ మీద వీఎంలేవీ ఉండకూడదు. ఆ హోస్ట్ ప్రాసెసర్ పాత తరానిది కావడంతో, వీఎంలను నడుస్తుండగానే దాని మీదికి మార్చడానికి అన్నిటికీ సీపీయూ రకాన్ని ఎక్స్86-64-వీ2-ఏఈఎస్‌గా ముందే ఉంచాము. హోస్ట్ రకం పెట్టి ఉంటే వేగం కొంత పెరిగేది కానీ ఈ మార్పిడి నమ్మకంగా జరిగేది కాదు. ఇన్‌స్టాలర్‌కు సమాధానాల ఫైలు ఇచ్చి, మిగతా రెండు నోడ్లకు వాడిన అదే ప్లేబుక్‌ను దాని మీద నడిపాను. బ్రిడ్జి, వీల్యాన్లు, నిల్వలు, హెచ్చరికలు అన్నీ కుదురుకున్నాక రెండోసారి నడిపి, మారినవి సున్నా అని చూసుకుని, లెక్కల డేటాబేస్ రెప్లికాను దాని మీదికి మార్చాను.