కీ లేదు, బోల్టు లేదు: ఓడ ఇంజిన్ క్రాంక్‌షాఫ్ట్‌ను పట్టి ఉంచేదేమిటి?

పెద్ద ఓడ ఇంజిన్ అనగానే ముందు బరువుల లెక్కే వస్తుంది. సరే, అదీ చెప్పేసుకుందాం. 2006లో ఎమ్మా మేర్స్క్ ఓడకు పెట్టిన 14 సిలిండర్ల వార్ట్‌సిలా-సుల్జర్ ఆర్‌టీ-ఫ్లెక్స్96సీ బరువు 2,300 టన్నులు. నిమిషానికి 102 చుట్లు తిరుగుతూ 80,080 కిలోవాట్లు ఇస్తుంది. సిలిండర్ వ్యాసం 960 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ పైకీ కిందికీ నడిచే దూరం) 2,500 మి.మీ. పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే క్రాంక్‌షాఫ్ట్ ఒక్కటే 300 టన్నుల దాకా ఉంటుంది.

అంత షాఫ్టును ఒకే ముక్కగా ఫోర్జ్ చేయడం (కాల్చి నొక్కి మలచడం) కుదరని పని. అందుకే పిస్టన్ నుంచి వచ్చే కనెక్టింగ్ రాడ్ పట్టుకునే క్రాంక్ పిన్ ఒకటి, దానికి రెండువైపులా వెబ్‌లు అనే మందపాటి చేతులు కలిపి ఒక ముక్కగా ఫోర్జ్ చేస్తారు. దీన్ని త్రో అంటారు. బేరింగ్‌లలో కూర్చుని తిరిగే మెయిన్ జర్నల్స్ విడి ముక్కలు. వెబ్‌లో రంధ్రం తొలిచి, దాన్ని వేడిచేసి, జర్నల్‌ను అందులోకి దించుతారు. చల్లారాక వెబ్ బిగుసుకుంటుంది. బండి చక్రానికి ఇనుప పట్టా కాల్చి ఎక్కించే సూత్రమే, కాకపోతే ఇక్కడ ఆట మిల్లీమీటర్లతో. మరీ పొడవాటి ఇంజిన్లలో షాఫ్టును రెండు భాగాలుగా చేసి మధ్యలో ఫ్లాంజ్ బోల్టులతో కలుపుతారు కానీ, వెబ్‌కీ జర్నల్‌కీ మధ్య మాత్రం బోల్టు ఉండదు, కీ (జారకుండా గాడిలో దూర్చే ఉక్కు ముక్క) ఉండదు. కీ కోసం గాడి తీస్తే పగులు పుట్టేది సరిగ్గా ఆ గాడి మూలలోనే.

లెక్క చూడండి. జర్నల్ వ్యాసం 900 మి.మీ. అనుకుందాం. రంధ్రాన్ని దానికంటే దాదాపు 600వ వంతు, అంటే 1.5 మి.మీ. చిన్నగా తొలుస్తారు. వెబ్‌ను 250 డిగ్రీల మేర వేడెక్కిస్తే రంధ్రం సుమారు 2.7 మి.మీ. పెరుగుతుంది. జర్నల్ దిగడానికి మిగిలే సందు మొత్తం 1.2 మి.మీ. రంధ్రం ఇంకా చిన్నది చేస్తే పట్టు పెరుగుతుందిగా అనిపిస్తుంది. పెరగదు. ఒక హద్దు దాటాక రంధ్రం చుట్టూ ఉన్న లోహమే సాగిపోతుంది, పట్టు అక్కడితో ఆగిపోతుంది. వేడి మరీ ఎక్కువైతే ఉక్కు గుణమే మారుతుంది. ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ వేడెక్కితే రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వచ్చి జర్నల్ సగంలో ఇరుక్కుంటుంది. ఈ మూడింట్లో నిజంగా గుండెలు జారే తప్పు ఇదే. వేడి క్షణాల్లో జర్నల్‌కు పాకుతుంది, సందు మూసుకుపోతుంది, వెనక్కి లాగే వీలుండదు. అందుకే దించే ముందు రంధ్రాన్ని గేజ్‌తో నాలుగు దిక్కులా కొలుస్తారు, రెండు ముఖాల మీదా నూనె చుక్క లేకుండా తుడుస్తారు. నూనె ఉంటే ఘర్షణ తగ్గుతుంది, ఉన్న పట్టు అంతా ఘర్షణే మరి. ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు ఒకదాని తర్వాత ఒకటి మండే వరస) ప్రకారం త్రోల మధ్య కోణం కూడా ఆ దించే క్షణంలోనే ఖాయమైపోతుంది.

చల్లారాక వెబ్, జర్నల్ కలిసేచోట రెండింటి మీదుగా ఒక గీత గీస్తారు. షాఫ్టు బతికినంత కాలం ఆ గీతే సాక్షి. సిలిండర్‌లోకి నీళ్లో ఇంధనమో కారి పిస్టన్ మీద నిలిచినప్పుడు, సిలిండర్ల మీది చిన్న కవాటాలైన ఇండికేటర్ కాక్‌లు తెరిచి ఊదకుండా, ఇంజిన్‌ను మొదట తిప్పే పీడన గాలి (స్టార్టింగ్ ఎయిర్) ఇచ్చారనుకోండి, ద్రవం నలగదు కాబట్టి షాఫ్టే వెబ్‌లో జారుతుంది. ప్రొపెల్లర్ దేనికైనా బలంగా తగిలినా అంతే. 900 మి.మీ. జర్నల్ మీద ఒక్క డిగ్రీ జారితే గీతలు దాదాపు 8 మి.మీ. ఎడమవుతాయి. కొంచెం జారితే అవతలి సిలిండర్ల టైమింగ్ సవరించుకుని నడపొచ్చు. ఎక్కువైతే వెబ్‌ను వేడిచేసి, జర్నల్‌ను లిక్విడ్ నైట్రోజన్‌తో చల్లబరిచి, జాకీలతో వెనక్కి తిప్పాల్సిందే.

తయారైన షాఫ్టును ఇంజిన్ అడుగు పీఠమైన బెడ్‌ప్లేట్‌లోని బేరింగ్‌ల మీద కూర్చోబెట్టాక డిఫ్లెక్షన్ తీస్తారు. పిన్‌కు ఎదురుగా, రెండు వెబ్‌ల మధ్య డయల్ గేజ్ పెట్టి షాఫ్టును మెల్లగా తిప్పుతూ వెబ్‌లు ఎంత విచ్చుకుంటున్నాయో, ఎంత ముడుచుకుంటున్నాయో చూడటం. కనెక్టింగ్ రాడ్ బిగించాక పిన్ సరిగ్గా అడుగున ఉన్నప్పుడు గేజ్‌కు రాడ్ అడ్డొస్తుంది, కాబట్టి అక్కడ అటూ ఇటూ రెండు రీడింగులు. మొత్తం అయిదు.

ఇక్కడో మోసం ఉంది. ఒక బేరింగ్ కిందికి ఉన్నా, షాఫ్టు గట్టిది కావడంతో దాని మీద కూర్చోకుండా పక్క బేరింగ్‌ల మీదే వేలాడుతుంది. గేజ్ మాత్రం అంతా బాగుందనే చెబుతుంది. అందుకే ప్రతి జర్నల్ అడుగునా 0.05 మి.మీ. ఫీలర్ (సందు కొలిచే పలుచటి రేకు) దూర్చి చూడాలి. దూరిందంటే ఆ డిఫ్లెక్షన్ కాగితాన్ని నమ్మొద్దు.

తర్వాత ఫ్రేమ్, సిలిండర్ బ్లాక్ పైన పెట్టి, అన్నింటినీ కలిపి బిగించే పొడవాటి ఉక్కు కడ్డీలు, అంటే టై రాడ్లు, అడుగు నుంచి పైదాకా దించుతారు. మంట పీడనం 150 బార్ అనుకుంటే 960 మి.మీ. పిస్టన్ మీద పడేది దాదాపు 1,100 టన్నుల బలం. వెల్డు చేసిన ఫ్రేమ్ ఆ లాగుడుకు తట్టుకోలేదు, కాబట్టి టై రాడ్లతో ముందే నొక్కి పెడతారు. హైడ్రాలిక్ జాకీలతో మధ్య జత నుంచి మొదలుపెట్టి అటొకటి ఇటొకటిగా చివరలకు, ముందు సగం పీడనం, తర్వాత పూర్తి పీడనం. రాడ్ మధ్యలో ఊగకుండా పట్టే పించ్ స్క్రూలను అందరికంటే చివర బిగించాలి. ముందే బిగిస్తే రాడ్ పూర్తి పొడవునా సమంగా సాగదు. వదులైన రాడ్‌ను కనిపెట్టడం కష్టమేమీ కాదు. ఫ్రేమ్ అతుకుల దగ్గర ఎర్రమట్టి రంగు పొడి, నూనె కారిన మరక కనిపిస్తాయి.

టై రాడ్లు బిగించాక మళ్లీ డిఫ్లెక్షన్. ఫ్యాక్టరీలో టెస్ట్ బెడ్ మీద, ఇంజిన్‌కు భారం ఇచ్చే నీటి బ్రేక్‌కు కట్టి నడిపాక మళ్లీ. ఓడలో ఎక్కించి, కింద సందుల్లో గట్టిపడే ఎపాక్సీ దిమ్మెలు (చాక్‌లు) పోసి, ఓడకు కట్టి ఉంచే హోల్డింగ్ డౌన్ బోల్టులు బిగించాక, ఓడ నీళ్లలో తేలుతుండగా మళ్లీ. ప్రతిసారీ ఇంజిన్ ఉష్ణోగ్రత, ఓడ డ్రాఫ్టు (నీళ్లలో మునిగిన లోతు) పక్కనే రాసుకోవాలి. సరుకు ఎక్కితే ఓడ అడుగు వంగుతుంది, దాంతోపాటు బెడ్‌ప్లేటూ వంగుతుంది. ఆ రెండూ రాయని రీడింగును తర్వాత దేనితోనూ పోల్చి చూడలేం.