జనరేటర్‌ని వ్యాన్‌లో మోసుకెళ్లండి, వ్యాన్‌లో మాత్రం నడపకండి

వ్యాన్‌లో జనరేటర్ ఎలా పెట్టించావని ఈ నెలలో ముగ్గురు అడిగారు. ఫోన్‌లో చెప్తుంటే సగం మర్చిపోతున్నాను, అందుకే ఇక్కడ రాస్తున్నా.

మాది పాత డీజిల్ వ్యాన్. సీట్లు తీయించి రెండు పడకలు, చిన్న ఫ్రిజ్, గ్యాస్ పొయ్యి పెట్టించాం. జనరేటర్ కావాల్సి వచ్చింది బాపు కోసం. నిద్రలో ఊపిరి ఆగకుండా ముక్కులోకి గాలి పంపే సీపాప్ మిషన్ లేకుండా ఆయన పడుకోలేరు, లక్నవరం దగ్గరో బొగత దగ్గరో రాత్రి ఆగాలంటే కరెంటు కావాల్సిందే. హన్మకొండలో ఒక షెడ్డులో 2 కేవీఏ పెట్రోల్ జనరేటర్‌ని డిక్కీలో ప్లైవుడ్ పెట్టె కట్టి బిగించారు, సైలెన్సర్‌కి ఒక గొట్టం వెల్డింగ్ చేసి బండి కిందికి వదిలారు. "పొగ కిందికే పోతది అన్నా, ఏం కాదు" అన్నాడు మిస్త్రీ. నాకూ సబబే అనిపించింది.

2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకు అదే బండిలో పోయాం. పస్రా దాటినప్పటి నుంచి ట్రాఫిక్, బండ్లన్నీ ఒకదానికొకటి ఆనుకుని నిలబెట్టారు. అడవిలో రాత్రి చలి, తలుపులన్నీ వేసుకుని జనరేటర్ నడుస్తుండగానే పడుకున్నాం. రెండు గంటలప్పుడు అమ్మ లేచి తల పగిలిపోతోందంది, వాంతి చేసుకుంది. బాపుని లేపితే ఏదో మత్తులో ఉన్నట్టు మాట్లాడారు. కరోనా అప్పుడు కొన్న ఆక్సీమీటర్ వేలికి పెడితే ఇద్దరికీ 97, 98 చూపించింది. అది చూసి ఎండకు తిరిగినందుకేమో అనుకున్నాను. అమ్మకి ఊపిరాడట్లేదంటే తలుపు తీసి బయట కూర్చోబెట్టాం, గంటలో ఇద్దరూ తేరుకున్నారు. తర్వాత డాక్టర్‌కి జరిగిందంతా చెప్తే, అది కార్బన్ మోనాక్సైడ్ పనే అయ్యుంటుందన్నారు. రక్తంలో ఆ వాయువు ఎక్కినా మామూలు ఆక్సీమీటర్‌కి తేడా తెలియదు, ఆక్సిజన్ బాగానే ఉన్నట్టు చూపిస్తుంది. నాకు ఇప్పటికీ చేతులు వణికేది ఆ 98 గుర్తొచ్చినప్పుడే.

ఈ వాయువుకి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్‌ని మోసే హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. బరువులో దాదాపు గాలి లాంటిదే కాబట్టి కిందికి వదిలితే కింద ఉండిపోదు, బండి కింద చేరి ఫ్లోర్ సందుల్లోంచి, వెనక డోర్ రబ్బరు పక్కనుంచి లోపలికొస్తుంది. సీపాప్ మిషన్ లాగి ముక్కులోకి పంపేది కూడా ఆ లోపలి గాలినే కదా.

ఇంటికొచ్చాక ఆ పెట్టె మొత్తం పీకించాను. మామూలు పోర్టబుల్ జనరేటర్‌ని మూసిన పెట్టెలో నడపడానికి చేయలేదు, దాని ఇంజన్ చల్లబడాలంటే చుట్టూ గాలి ఆడాలి. అమెరికాలో ఇలాంటి బండ్లలో బిగించే జనరేటర్లు వేరు, వాటికి గాలి దారి, సైలెన్సర్ అన్నీ దానికోసమే చేస్తారు, పొగ గొట్టం బండి అంచు దాటి బయటికి రావాలి. అలాంటిది కొనగలిగితే సరే, లేదంటే నేను చేసినట్టు చేయండి.

ఇప్పుడు మా పెట్టె జీఐ రేకుది, వ్యాన్ లోపలి వైపు ప్రతి అతుకూ సీలెంట్‌తో మూసేశాం, తలుపు బయటి వైపే, అడుగున గాలి రంధ్రాలు. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు, నేల మీద పాకుతుంది. లోపలికొస్తే పొయ్యి మంటో ఫ్రిజ్ స్విచ్ దగ్గర నిప్పురవ్వో చాలు. ఈ పెట్టె జనరేటర్‌ని మోయడానికి మాత్రమే. ఆగిన చోట దించి, కనీసం 20 అడుగుల దూరంలో, గాలి మనవైపు రాని దిక్కున, పొగ గొట్టం అటువైపు తిప్పి పెడతాం. పెట్రోల్ పోయాలంటే బంద్ చేసి ఇంజన్ చల్లారేదాకా ఆగాల్సిందే, ఎంత చీకటి పడుతున్నా సరే.

వైరింగ్ గురించి ఒక్కటి గట్టిగా చెప్పాలి. మూడు కోర్ల రబ్బరు కేబుల్, కరెంటు లీకైతే తనంతట తానే పడిపోయి సరఫరా ఆపే 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ, జనరేటర్‌కీ బ్యాటరీ ఇన్వర్టర్‌కీ మధ్య ఒకసారికి ఒక్కదాన్నే కలిపే రెండు పోల్స్ ఛేంజోవర్ స్విచ్ పెట్టాం. కానీ చిన్న జనరేటర్లలో చాలావాటికి న్యూట్రల్ ఎర్త్‌కి కలిపి ఉండదు, అప్పుడు ఎర్త్ లీకయినా ఆర్‌సీసీబీ పడకపోవచ్చు. ఇది తెలిసిన ఎలక్ట్రీషియన్‌తోనే చేయించుకోండి. బండికి శాశ్వతంగా మార్పు చేస్తే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద ఆర్టీవో అనుమతి కావాలి, అదీ ముందే చూసుకోండి.

రాత్రి కరెంటు మాత్రం బ్యాటరీదే. బాపు మిషన్‌లో గాలికి తేమ కలిపే హ్యుమిడిఫైయర్ ఆపేస్తే 50 వాట్ల లోపే, ఎనిమిది గంటలకు 400 వాట్ అవర్స్. 12 వోల్టులు, 100 ఏహెచ్ లిథియం బ్యాటరీ 1,200 దాకా ఇస్తుంది. సాయంత్రం ఛార్జింగ్ అయ్యేదాకా జనరేటర్, పడుకునే ముందు బంద్.

పడకల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టాను, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. వెనక గడువు తేదీ ఉంటుంది, చూడండి. మోగితే అందరూ బయటికి రావాలి, ఎవరికైనా తల తిరిగినా 108కి ఫోన్ చేసి జనరేటర్ పొగ అని చెప్పాలి.

పోయిన సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతరలో అర్ధరాత్రి అది మోగింది, మా జనరేటర్ బంద్‌లోనే ఉంది. దిగి చూస్తే పక్క ట్రాక్టర్ వాళ్లది రెండు బండ్ల మధ్యలో నడుస్తోంది, ట్రాలీ మీద పరదా కప్పి అందులో పిల్లల్ని పడుకోబెట్టారు. వాళ్ల పెద్దాయన్ని లేపి, "తాతా, ముందు పిల్లల్ని దింపుదాం" అన్నాను. ఏమైందని అడగలేదు, ముందు పిల్లల్ని ఎత్తుకున్నాడు. ఆ తర్వాత జనరేటర్ ఆపి, నలుగురం కలిసి దాన్ని పొలం గట్టు అవతలికి మోసుకెళ్లాం.