బాప్టిజాలు ఒక్కటే చూస్తే చాలదు

ఇంగ్లండ్ పాత పారిష్ రిజిస్టర్లలో (ఒక్కో చర్చి పరిధిలోని బాప్టిజాలు, పెళ్లిళ్లు, ఖననాలు రాసిన పుస్తకాల్లో) వంశవృక్షం వెతికేవాళ్లలో చాలామంది బాప్టిజాలు రాసుకుని ఆగిపోతారు. పోయిన పసిబిడ్డలు అక్కడే మరుగున పడిపోతారు. నాకు బాధగా అనిపించేది అదే.

ముందు ఆ దంపతుల పిల్లలందరి బాప్టిజం తేదీలు వరుసగా రాయండి. ఒకే పేరు రెండుసార్లు వస్తే మొదటి బిడ్డ పోయిందనే చాలాసార్లు అర్థం. ఆ రెండు తేదీల మధ్య ఖననాలు తిరగెయ్యండి. కాన్పుల మధ్య మామూలుగా రెండు, రెండున్నరేళ్లు ఉంటాయి. నాలుగేళ్ల ఖాళీ కనిపిస్తే పక్క పారిష్‌లూ చూడాలి. పాలిస్తున్నన్నాళ్లూ మళ్లీ గర్భం సాధారణంగా ఆలస్యమవుతుంది కాబట్టి, ఏడాదికే మళ్లీ కాన్పు అయితే, పాలు తాగే బిడ్డ పోయిందేమోనని అనుమానించాలి.

తల్లుల సంగతి ఇంకా కష్టం. మరణకారణం సాధారణంగా రాయరు. ‘ఫలానావాడి భార్య’ అని ఒక్క ముక్క, ఒక్కోసారి పేరైనా ఉండదు. చివరి బాప్టిజం తర్వాత ఆరు వారాల్లో ఆమె ఖననం ఉంటే కాన్పే కారణం కావచ్చు. బిడ్డ బాప్టిజం, తల్లి ఖననం ఒకే తేదీన కనిపించినప్పుడు పేజీ తిప్పడానికి చెయ్యి రాదు.

తేదీలతో జాగ్రత్త. 1752కి ముందు అక్కడ ఏడాది మార్చి 25న మొదలయ్యేది. తల్లి ఖననం 1720 ఫిబ్రవరి అని రాసి ఉంటే మన లెక్కలో అది 1721. అది మరిస్తే, 1720 నవంబరులో పుట్టిన బిడ్డకన్నా ముందే తల్లి పోయినట్టు తేలుతుంది! 1813 నుంచి ఖననాల అచ్చు ఫారాల్లో వయసు గడి ఉంది, పని తేలికవుతుంది. బాప్టిజం కాకుండా పోయినవాళ్లు, మృతశిశువులు చాలావరకు ఏ పుస్తకానికీ ఎక్కలేదు.