సాఫ్ట్ కోరల్స్‌కి సరిపోయే లైటు

ఆదివారం, చెన్నై

ఎండ ముదరకముందే రంగుచేపల షాపులుండే కొళత్తూరు వెళ్లొచ్చాను. పగడాల కోసం పెట్టిన అక్వేరియం ట్యాంకులో ఉప్పునీళ్లు కుదురుకున్నాయి, ఇక లైటు ఒక్కటే మిగిలింది. షాపులో నీలి వెలుగు కింద జోవాంథిడ్లు (పువ్వుల్లా విచ్చుకునే చిన్న పగడాలు) ఆకుపచ్చగా, నారింజ రంగులో వెలిగిపోతుంటే ఎంతసేపైనా చూడాలనిపించింది. షాపతను తెలుగువాడే. "ఈ 90 వాట్లది తీసుకోండన్నా, దీని కింద ఏ కోరలైనా పెరుగుతుంది" అన్నాడు.

నేను పెంచాలనుకున్నది సాఫ్ట్ కోరల్స్, అంటే రాతి గూడు కట్టని మెత్తటి పగడాలే: పుట్టగొడుగుల్లా ఉండే మష్రూములు, జోవాంథిడ్లు, అంతే. దిబ్బలు కట్టే రాతి పగడాలకు మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. అవి మన్నార్ సింధుశాఖలోనే ఉండాలి. అక్కడైనా చల్లగా బతకనిస్తే చాలు. 2016లో సముద్రం వేడెక్కి ఎన్నో తెల్లబడిపోయాయి.

వాట్లు కరెంటు ఖర్చు చెబుతాయి గానీ ఇసుక దాకా ఎంత వెలుగు దిగుతుందో చెప్పవు. పగడం ఒంట్లో ఉండే నాచు ఆ వెలుగుతోనే దానికి తిండి వండిపెడుతుంది. అందుకే ఆ నాచుకి పనికొచ్చే వెలుగుని కొలిచే పార్ మీటరు అడిగాను. ఓపిగ్గా తెచ్చాడు. 90 వాట్ల లైటు కింద, నీటి పైభాగంలో 300 దాటింది. పక్కనున్న చిన్న లైటుకి అడుగున మధ్యలో 110, మూలల్లో 50 చూపించింది. మష్రూములకు 50 నుంచి 100 చాలు, జోవాంథిడ్లు ఇంకాస్త ఎక్కువైనా ఓర్చుకుంటాయి. ఇంకేం, చిన్నదే తీసుకున్నాను. నీలానికీ తెలుపుకీ వేరువేరు డిమ్మర్లున్నాయి. నీళ్లు ఎరుపుని పైనే మింగేస్తాయి, లోతుకి దిగేది నీలమే. కాబట్టి నీలం ఎక్కువ పెట్టి, చేపల అసలు రంగు కనబడేటంత తెలుపు కలిపితే సరిపోతుంది. బాగా వేడెక్కే మెటల్ హాలైడ్ దీపాల జోలికి వెళ్లలేదు. చెన్నై ఎండాకాలంలో నీళ్లని 26 డిగ్రీల దగ్గర నిలపడమే గగనం, పైనుంచి మళ్లీ ఆ సెగ ఎందుకు?

సాయంత్రం బిగించాను. మొదట 30 శాతమే. నీడలో పెరిగిన మొక్కని ఒక్కసారిగా మిట్టమధ్యాహ్నం ఎండలో పెడితే ఆకులు మాడినట్టే, వీటికీ వెలుగు ఒక్కసారిగా పెరిగితే నాచుని బయటికి తోసేసి పాలిపోతాయి. వారానికి ఐదు శాతం చొప్పున పెంచుతాను.

టైమరు పొద్దున పదింటికి పెట్టబోతుంటే మా ఆవిడ ఆపింది. "ఏమండీ, ఆఫీసు నుంచి మనం వచ్చేసరికి ఏడవుతుంది. అప్పటికి ఆరిపోతే ఎవరు చూస్తారు?" నిజమే కదా! పగడాలకు ఎనిమిది గంటలు అందితే చాలు, అవి ఏ పూటవైనా ఒకటే. మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది దాకా పెట్టాను.